బండిలో ఆయిలు చూద్దాం రండి

ఎద్దుల బండి మనకు తెలుసు. వెనకటి రోజుల్లో దూరం పోవాలంటే ముందుగా ఇరుసుకు కందెన పూసేవాళ్ళు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఆ కందెన చేసేవాళ్ళు. వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాళ్ళు. కందెన ఎండిపోతే బండి కిర్రు కిర్రుమని ఏడ్చేది. ఆ ఏడుపు విని బండి ఆపి, మళ్ళీ పూసేవాళ్ళు.

ఇప్పుడు ఎద్దుల బండ్లు తగ్గిపోయాయి. టమాటా బాక్సులు, పాల క్యాన్లు, ఎరువుల మూటలు అన్నీ పికప్ బండిలోనే పోతున్నాయి. ఈ బండికి కూడా కందెన కావాలి. దాన్ని ఇంజన్ ఆయిలు అంటాం. ఒక తేడా ఉంది. ఎద్దుల బండి ముందుగా ఏడ్చి చెబుతుంది. ఇంజను అలా చెప్పదు. ఇంజను ఏడ్చిందంటే అప్పటికే చెడిపోయిందన్న మాట.

మా ఊరు మదనపల్లెకు దగ్గర. మా వీధిలో ఒక వదిన ఉంది. పొదుపు సంఘంలో కొంత, బ్యాంకులో కొంత అప్పు తీసుకుని పాత పికప్ బండి కొనింది. బండి కాగితాలు వదిన పేరు మీదే ఉన్నాయి. నెల నెలా కంతు కట్టేదీ వదినే. బండి నడిపేది ఆమె మరిది. మంచి పిల్లాడే. డ్రైవింగు బాగా వచ్చు. కానీ ఆయిలు చూసే అలవాటు లేదు.

ఎండాకాలం ఒక రోజు తెల్లవారుజామున టమాటా ఎత్తుకుని మార్కెట్టుకు బయలుదేరాడు. దారిలో స్టీరింగు ముందర ఎర్ర దీపం వెలిగింది. "ఇంకెంత, నాలుగు కిలోమీటర్లే కదా. సరుకు దించినాక చూద్దాంలే" అనుకున్నాడు. రెండు కిలోమీటర్లు పోయాడు. ఇంజన్లో టక టక అని చప్పుడు మొదలైంది. ఇంకొంచెం దూరం పోయి బండి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే తిరగలేదు.

మెకానిక్కు వచ్చాడు. ఆయిల్ గేజి బయటికి లాగాడు. పొడిగా వచ్చింది. ఒక్క చుక్క కూడా అంటలేదు. "అక్కా, ఇంజను పట్టేసింది. లోపల ఒకటికొకటి అతుక్కుపోయినాయి" అన్నాడు. ఆ రిపేరుకు అయిన ఖర్చు ఆరు నెలల కంతులంత. టమాటా సంగతి చెప్పనక్కర్లేదు.

అంత ఆయిలు ఎటు పోయింది? ఒక్కసారి పోలేదు. ఇంజను అడుగున ఆయిలు దించే బిరడా ఒకటి ఉంటుంది. దాని వాషరు అరిగిపోయింది. రాత్రిళ్ళు వాకిట్లో చుక్క చుక్కా కారింది. వదిన తర్వాత నాతో చెప్పుకుని బాధపడింది. "రోజూ వాకిలి ఊడుస్తా ఆ నల్ల మరక చూస్తానే ఉన్నాను. దాని మీద పేడనీళ్ళు చల్లి ముగ్గు వేస్తానే ఉన్నాను. అది నా ఇంజను కారిపోతా ఉందని నాకేం తెలుసు?"

ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది.

ఇంజన్లో ఆయిలు ఏం చేస్తుంది?

ఇంజన్లో గుండ్రటి గొట్టాలు ఉంటాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో పిస్టను పైకి కిందికి ఆడుతుంది. రోకలి దంచినట్టు అనుకోండి. కానీ ఆ వేగం వేరు. ఇంజను నిమిషానికి 2000 సార్లు తిరిగితే పిస్టను 2000 సార్లు పైకీ, 2000 సార్లు కిందికీ పోతుంది. మనం "ఒకటి" అనే లోపల 30 సార్లు దంచినట్టు. ఇనుము ఇనుముతో అలా రుద్దుకుంటే ఏమవుతుంది? రెండు చేతులు గట్టిగా రుద్ది చూడండి. వేడి పుడుతుంది. అదే చేతులకు కొబ్బరి నూనె రాసుకుని రుద్దండి. జారిపోతాయి.

ఇంజన్లో ఆయిలు చేసే మొదటి పని అదే. ఇనుముకూ ఇనుముకూ మధ్య పలచటి పొరలాగా నిలబడుతుంది. ఆ పొర మన తల వెంట్రుక కంటే పలచన. అది ఉన్నంతసేపు ఇనుము ఇనుమును తాకదు. ఇంకా ఆయిలు లోపలి వేడిని కొంత మోసుకొస్తుంది. మసినీ పొడినీ కడిగి ఫిల్టరు దాకా తెస్తుంది.

ఇంజను అడుగున ఒక తొట్టి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని చాంబరు అంటారు. ఆయిలు అందులో నిలవ ఉంటుంది. చిన్న పంపు ఒకటి దాన్ని పైకి తోడుతుంది. ఆయిలు అన్ని భాగాలకూ పారి మళ్ళీ తొట్టిలోకి జారుతుంది. బావి, మోటారు, కాలువ లాగానే. బావిలో నీళ్ళు అడుగంటితే మోటారు గాలి తోడుతుంది కదా. తొట్టిలో ఆయిలు అడుగంటినా అంతే. పంపు గాలి తోడుతుంది. అప్పుడు ఎర్ర దీపం వెలుగుతుంది.

గేజి చూసే పద్ధతి

కిరసనాయిలు డ్రమ్ములో ఎంత ఉందో చూడాలంటే పుల్ల ముంచి తీస్తాం. పుల్ల ఎంతవరకు తడిసిందో అంత ఉన్నట్టు. ఆయిల్ గేజి కూడా అలాంటి పుల్లే. సన్నని ఇనుప పుల్ల. పైన పట్టుకోవడానికి పిడి ఉంటుంది. చాలా బండ్లలో ఆ పిడి పసుపు రంగులోనో, ఎరుపు రంగులోనో ఉంటుంది. బానెట్టు ఎత్తితే కనపడుతుంది. కొన్ని చిన్న బండ్లలో ఇంజను సీటు కింద ఉంటుంది. అప్పుడు సీటు ఎత్తి చూడాలి. మొదటి సారి మెకానిక్కును అడిగి గేజి ఎక్కడ ఉందో చూపించుకోండి. ఇందులో సిగ్గు పడేదేమీ లేదు. బండి మనది.

పొద్దున్నే, బండి తీయక ముందు చూడడం మంచిది. రాత్రంతా నిలబడి ఉంటుంది కాబట్టి ఆయిలంతా కిందికి దిగి ఉంటుంది. బండి చదును నేల మీద ఉండాలి. వాలు మీద ఉంటే ఆయిలు ఒక పక్కకు పోతుంది, గేజి తప్పు చెబుతుంది. చెంబులో సగం నీళ్ళు పోసి వంచి చూడండి, సంగతి అర్థమవుతుంది. హ్యాండు బ్రేకు వేయండి. ఇంజను ఆపే ఉండాలి. తాళం తీసి మన దగ్గర పెట్టుకోవాలి. మనం చెయ్యి లోపల పెట్టినప్పుడు ఎవరైనా పిల్లలు బండి తిప్పకూడదు కదా. కొంగు నడుముకు బిగించుకోండి. జడ వెనక్కి వేసుకుని ముడి వేసుకోండి. ఫ్యానుకూ బెల్టుకూ చీరకొంగు అంటే చాలా ఇష్టం.

ఇప్పుడు గేజి పూర్తిగా బయటికి లాగండి. అప్పుడే చూసి లెక్క పెట్టకండి. నిన్న బండి నడిచినప్పుడు ఆయిలు పుల్ల పొడవునా చింది ఉంటుంది. అందుకే శుభ్రమైన పాత గుడ్డతో పుల్లను తుడవండి. పోగులు ఊడే గుడ్డ వద్దు. తుడిచిన పుల్లను మళ్ళీ లోపలికి దించండి. పిడి బాగా ఆనేదాకా దించాలి. సగంలో ఆపితే ఆయిలు తక్కువ ఉన్నట్టు కనపడుతుంది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ లాగండి. ఈ రెండోసారి చూసిందే అసలు లెక్క.

పుల్ల కొనకు దగ్గరలో రెండు గుర్తులు ఉంటాయి. కొన్నింటిలో గీతలు, కొన్నింటిలో చుక్కలు లేక చిన్న రంధ్రాలు. కొన్నింటిలో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉంటాయి. కింది గుర్తు దగ్గర "ఎల్" అని ఉండవచ్చు. అది మేస్త్రీ వాడే మూలమట్టం లాగా ఉంటుంది. ఒక నిలువు కర్ర, దాని పాదం దగ్గర ఒక అడ్డ కర్ర. ఎల్ అంటే తక్కువ అని గుర్తు. పై గుర్తు దగ్గర "ఎచ్" గానీ "ఎఫ్" గానీ ఉంటుంది. ఎచ్ నిచ్చెన లాగా ఉంటుంది. రెండు నిలువు కర్రలు, మధ్యలో ఒకే మెట్టు. ఎఫ్‌కు ఒకే నిలువు కర్ర. కుడి పక్కకు రెండు కొమ్మలు ఉంటాయి, ఒకటి నెత్తిన, ఒకటి మధ్యన. ఈ మూడు అక్షరాలు వస్తే గేజి చదవడం వచ్చినట్టే. అక్షరాలు లేని గేజి అయినా ఫరవాలేదు. కిందిది తక్కువ, పైది నిండు.

ఆయిలు తడి ఈ రెండు గుర్తుల మధ్య ఉంటే బండి తీయవచ్చు. పై గుర్తుకు దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. కింది గుర్తుకు తగిలినా, దిగినా, ఆయిలు పోయకుండా బండి తీయకూడదు. ఇది ఖచ్చితం. పెళ్ళికి పోతున్నా సరే.

పోసేటప్పుడు ఒక మాట

ఆయిలు పోసే మూత వేరే ఉంటుంది. గేజి గొట్టంలో పోయరు. ఆయిలు తక్కువ ఉంది కదా అని డబ్బా అంతా ఒక్కసారి కుమ్మరించకండి. చాలా బండ్లలో కింది గుర్తుకూ పై గుర్తుకూ మధ్య తేడా సుమారు ఒక లీటరు ఉంటుంది. పావు లీటరు పోయండి. కాసేపు ఆగండి. గేజి తుడిచి మళ్ళీ చూడండి. కూరలో ఉప్పు వేసినట్టే. తక్కువైతే ఇంకొంచెం వేయవచ్చు. ఎక్కువైతే తీయడం కష్టం.

"ఎక్కువ పోస్తే మంచిదే కదా, ఇంజను చల్లగా ఉంటుంది" అని కొందరు డ్రైవర్లు అంటారు. నమ్మకండి. పై గుర్తు దాటితే లోపల తిరిగే కడ్డీ ఆయిల్లో మునిగి చిలుకుతుంది. చల్ల చిలికినట్టు నురగ వస్తుంది. నురగలో గాలి ఉంటుంది. గాలి ఇనుమును కాపాడలేదు. పైగా సీళ్ళ దగ్గర కారుతుంది, పొగ వస్తుంది.

ఏ ఆయిలు పోయాలి? బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. పాత బండి కొని పుస్తకం లేకపోతే ఆ కంపెనీ సర్వీసు వాళ్ళను అడగాలి. డబ్బా మీద అంకెలు ఉంటాయి. మన డీజిలు బండ్లలో ఎక్కువగా కనపడేది 15 డబ్ల్యు 40. ముందు అంకె ఆయిలు చలిలో ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. వెనక అంకె వేడెక్కినాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఈ అంకెలను చీటీ మీద రాసుకుని అంగడికి తీసుకుపోండి. "ఏదో ఒకటిలే అక్కా, అన్నీ ఒకటే" అంటే ఆ అంగడి వదిలిపెట్టండి. సీలు ఉన్న డబ్బానే తీసుకోండి. లూజు ఆయిలు చవకగా దొరుకుతుంది. కాలిన ఆయిలును వడగట్టి అమ్మినా మనకు తెలియదు.

పుల్ల మీద రంగు, వాసన

గేజి తీసినప్పుడు ఎంత ఉందో చూడడంతో సరిపెట్టకండి. అన్నం ఉడికిందా అని మెతుకు పట్టి చూస్తాం కదా. అలాగే పుల్ల మీది ఆయిలును చూడండి, వేళ్ళ మధ్య నలపండి, వాసన చూడండి.

డీజిలు బండిలో కొత్త ఆయిలు పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. భయపడనక్కర్లేదు. మసిని కడగడం దాని పని. గిన్నె తోమిన నీళ్ళు నల్లగా ఉంటే గిన్నె బాగయినట్టే కదా. కానీ ఆయిలు మార్చే గడువు దాటకూడదు. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో పుస్తకంలో ఉంటుంది. మార్చిన రోజు మీటరు మీద అంకె రాసి పెట్టుకోవాలి.

పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మటుకు అది వేరే కథ. ఇంజన్లో నీళ్ళు కలుస్తున్నాయేమో అని అనుమానించాలి. బండి తిప్పకుండా మెకానిక్కును పిలవాలి. ఆయిలు పలచగా ఉండి డీజిలు వాసన వస్తే, పైగా మనం పోయకుండానే గేజిలో మట్టం పెరిగితే, డీజిలు లోపలికి కారుతోందని అర్థం. పెరిగింది కదా, లాభమే అనుకోకండి. వేళ్ళ మధ్య ఇసుకలాగా గరగరమన్నా, మెరిసే పొడి కనపడినా లోపల ఇనుము అరుగుతోంది.

చూడడం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. కాలిన ఆయిలు ఒంటికి అంటుకుని ఉండడం మంచిది కాదు. ఏళ్ళ తరబడి అలా ఉంటే చర్మానికి క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉంది. దాన్ని కాలువలో, బావి దగ్గర పారబోయకండి. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవాళ్ళకు ఇవ్వండి.

ఎర్ర దీపం

వదిన మరిది చూసి వదిలేసిన దీపం గురించి చెప్పాలి. అది ముక్కు ఉన్న నూనె చెంబు బొమ్మ. ముక్కు చివర ఒక చుక్క. చదువు రాని వాళ్ళకు కూడా తెలియాలని అలా వేశారు. తాళం తిప్పగానే ఆ దీపం వెలగాలి. ఇంజను స్టార్టు అయిన కాసేపటికి ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగకపోతే బల్బో, వైరో పోయినట్టు. అది కూడా బాగు చేయించాల్సిందే.

చాలా మంది పొరపాటు పడే చోటు ఇదే. "ఆయిలు తక్కువైతే దీపం వెలుగుతుంది కదా, గేజి ఎందుకు?" అంటారు. ఆ దీపం తొట్టిలో ఆయిలు ఎంత ఉందో చూడదు. పంపు తోడిన ఆయిలు గట్టిగా పారుతోందా లేదా అని చూస్తుంది. అది వెలిగేసరికి కాలువ ఎండిపోయినట్టే. అందుకే బండి నడుస్తుండగా అది వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపాలి. ఇంకో కిలోమీటరు కూడా వద్దు. టమాటా ఇంకో బండికి ఎక్కించుకోవచ్చు.

గేరు బాక్సు సంగతి

గేరు బాక్సులో వేరే ఆయిలు ఉంటుంది. మనం చేత్తో గేరు వేసే బండ్లలో దానికి చాలా వరకు గేజి ఉండదు. పక్కన ఒక బిరడా ఉంటుంది. అది విప్పితే ఆయిలు రంధ్రం అంచు దాకా ఉండాలి. బండి కిందికి దూరి చేసే పని కాబట్టి అది మెకానిక్కుకే వదిలేద్దాం. సర్వీసుకు పంపినప్పుడు "గేరు ఆయిలు చూశావా తమ్ముడూ?" అని అడగడం మన పని.

క్లచ్చి లేకుండా గేర్లు వాటంతట అవే పడే బండ్లు కూడా ఉన్నాయి. అమెరికాలో పికప్ బండ్లు చాలా వరకు అలాంటివే. మన తడ దగ్గర శ్రీసిటీలో ఇసుజు కంపెనీ 2016 నుంచి పికప్ బండ్లు తయారు చేస్తోంది. వాటిలో కూడా కొన్ని రకాలకు ఆటోమేటిక్ గేరు ఉంది. ఈ గేరు బాక్సులో పోసే ఆయిలు ఎక్కువగా ఎర్రగా ఉంటుంది. గేజి ఉన్న చాలా బండ్లలో దాన్ని చూసే పద్ధతి తలకిందులు. ఇంజన్ ఆయిలు ఇంజను ఆపి చూస్తాం. దీన్ని బండి కొంతసేపు నడిపి, వేడెక్కినాక, ఇంజను ఆపకుండానే చూడాలి. హ్యాండు బ్రేకు వేసి, బ్రేకు తొక్కి పట్టి, గేరు కర్రను ఒక్కో చోటికీ జరిపి, తిరిగి పార్కులో పెట్టి అప్పుడు గేజి తీయాలి. కొన్ని బండ్లలో పార్కులో కాదు, న్యూట్రల్‌లో పెట్టమంటారు. అందుకే పుస్తకం చూడాలి. గేజి మీద వేడికి ఒక గుర్తు, చల్లదనానికి ఒక గుర్తు ఉంటాయి. ఎర్ర ఆయిలు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే షెడ్డుకు పంపాలి. ఇంజను తిరుగుతుండగా చేసే పని కనుక కొంగు, గాజులు, జడ మరీ జాగ్రత్త. కొత్త బండ్లలో చాలా వాటికి ఈ గేజి కూడా తీసేశారు, షెడ్డులోనే చూస్తారు. ఒకటి మటుకు గుర్తు పెట్టుకోండి. ఇంజన్ ఆయిలు ఇందులో పోయకూడదు. ఇది అందులో పోయకూడదు.

వదిన ఇప్పుడు

వదిన ఇప్పుడు పొద్దున్నే వాకిలి ఊడ్చేటప్పుడు ముందు బండి కిందికి వంగి చూస్తుంది. నల్ల మరక కనపడితే దాని మీద నీళ్ళు చల్లదు. పాత అట్ట ముక్క ఒకటి బండి కింద పరిచి పెట్టింది. రాత్రి కారితే అట్ట మీద చుక్క తెలుస్తుంది. ఎక్కడ పడిందో చూస్తే ఎక్కడి నుంచి కారుతోందో మెకానిక్కుకు చెప్పవచ్చు. ఆ తర్వాత గేజి తీస్తుంది. మొదట్లో మరిది, "నేను చూస్తాలే వదినా, నీకెందుకు ఆ మసి?" అనేవాడు. "కంతు నేను కడతన్నా గదా, మసి కూడా నాకే ఉండనీ" అనింది.

రాత్రి బడిలో ఇచ్చిన నోటు పుస్తకంలో కొన్ని పేజీలు మిగిలి ఉన్నాయి. అందులో మూడు గళ్ళు గీసుకుంది. ఒక గడిలో తేదీ. ఒక గడిలో మీటరు అంకె. ఒక గడిలో "నిండు", "నడుమ", "తక్కువ" అనే మూడు మాటల్లో ఒకటి. మొన్న నేను పోయినప్పుడు ఆ పుస్తకం చూపించింది. వారం రోజులు వరసగా "నడుమ" అని ఉంది. ఎనిమిదో రోజు "తక్కువ" అని రాసి, పక్కన "పావు లీటరు పోసినా. వాషరు చూడమని చెప్పినా" అని రాసుకుంది. ఆ రోజు బండి ఒక గంట ఆలస్యంగా మార్కెట్టుకు పోయింది.